నాలుగో క్రేన్ ప్లగ్గు కేసు

నేను రిటైరవడానికి ముందు సంవత్సరం, దుర్గాపూజ పందిళ్లకు వెదుళ్లు దిగుతున్న రోజుల్లో, మా కలకత్తా ఆఫీసు నన్ను మెటియాబ్రుజ్ దగ్గరున్న ఒక ప్రైవేటు జెట్టీకి పంపింది. అప్పటికి నా హోదా సీనియర్ సర్వీస్ ఇంజనీర్. అందులో 'సీనియర్' అన్నది జీతం కన్నా మోకాళ్లకు ఎక్కువ వర్తించే విశేషణం. క్రేన్లు ఎత్తే బరువును కొలిచే ఎలక్ట్రానిక్ పరికరాలు అమర్చడం మా కంపెనీ పని. అవి చెడితే బాగుచేస్తాం. చెడకపోయినా ఏడాదికోసారి వెళ్లి, చూసి, తల పంకించి వస్తాం.

ఆ పరికరం సంగతి కొంచెం చెప్పాలి. క్రేన్ పైన, తాడు తిరిగే చక్రం దగ్గర, బరువును పసిగట్టే లోడ్ సెల్ ఉంటుంది. దాని పక్కన టిఫిను డబ్బా అంత పెట్టె ఒకటి ఆ బరువును అంకెలుగా మార్చి, రెండు తీగల మీద కింద ఆపరేటర్ క్యాబిన్‌లోని డిస్‌ప్లేకి పంపుతూ ఉంటుంది. బరువు హద్దు దాటితే క్రేన్ ఎత్తడం ఆపేస్తుంది. అంకెలు రావడం ఆగిపోయినా ఆపేస్తుంది. ఎంత ఎత్తుతున్నామో తెలియనప్పుడు ఎత్తకపోవడమే మంచిదని దాన్ని తయారుచేసినవాళ్లు అనుకున్నారు. రాజకీయాల్లో కూడా పనికొచ్చే సూత్రమే గాని, అది నా శాఖ కాదు.

అంకెలు ఆగినప్పుడు డిస్‌ప్లే మీద ఈ-సెవెన్ అని పడుతుంది. 'సెన్సర్ ప్లగ్గు ఊడింది' అని మాన్యువల్ దానికి అర్థం చెబుతుంది. గాల్లో వేలాడుతున్న సరుకును అలా వదిలెయ్యలేం కనుక, దించుకోవడానికి బైపాస్ మీట ఒకటి ఇచ్చారు. మీట నొక్కితే బరువెంతో అడిగేవాడుండడు. కొన్ని జెట్టీల్లో గడుసు ఆపరేటర్లు సీటు వెనకున్న ప్లగ్గు తామే పీకేసి, బైపాస్‌లో హద్దుకు మించి ఎత్తి, పని త్వరగా ముగించుకుని ఇంటికి పోయేవాళ్లు. ఇది క్రేన్ లోకంలో అందరికీ తెలిసిన నేరం.

ఆ జెట్టీలో నాలుగో క్రేన్ మీద కొన్నాళ్లుగా మధ్యాహ్నం పూట ఈ-సెవెన్ వస్తోంది. వచ్చిన ప్రతిసారీ సీట్లో ఉన్నది సింహాచలం అనే ఆపరేటరే. మరొకరు ఉండే అవకాశమూ లేదు. అతని భార్యకు మునిసిపాలిటీలో తెల్లవారుజామున ఊడ్చే డ్యూటీ. పిల్లల్ని బడికి తయారుచేసి పంపే పని అతనిది. అందుకని మధ్యాహ్నం షిఫ్టు అడిగి మరీ వేయించుకున్నాడు. సేఫ్టీ ఆఫీసర్ మైతీ బాబు అతన్ని క్రేన్ దింపి, ఆపరేటర్ కార్డు తీసుకుని, విచారణకు పెట్టారు. దింపిన దగ్గర్నుంచి ఈ-సెవెన్ మళ్లీ రాలేదు. ఆ వారమంతా అల్పపీడనం పట్టి ముసురుగా ఉన్నా క్రేన్ మాత్రం భేషుగ్గా నడిచింది. మైతీ బాబుకు ఇంతకన్నా రుజువు అక్కర్లేకపోయింది.

మా మేనేజరు ఘోషాల్‌గారికీ అక్కర్లేదు. పైనున్న డబ్బాలో ఎలక్ట్రానిక్ బోర్డును కిందటేడు మేమే మార్చాం. అసలు బోర్డు ఖరీదెక్కువని, కాస్త చవకలో ఇక్కడే చేయించిన బోర్డు వేశాం. అందువల్ల తప్పు మనిషిది అయితే ఆయనకు సదుపాయం. "రావ్‌దా, ఒకసారి వెళ్లి కన్ఫర్మ్ చేసి వచ్చెయ్యండి" అన్నారు. ఏం కన్ఫర్మ్ చెయ్యాలో కూడా నాకు శ్రమ లేకుండా ఆయనే చెప్పారు. 'దా' అంటే అన్న. రావు మాత్రం నా ఇంటిపేరులో గాని పేరులో గాని లేదు. కలకత్తాలో తెలుగువాడు వారం తిరక్కుండా రావు అయిపోతాడు. కాదని చెప్పే ఓపిక నాకు మొదటి ఏడాదిలోనే అయిపోయింది.

నేను వెళ్లిన రోజు మబ్బు విడిచింది. నదిమీద ఎండ కళ్లు తెరవనివ్వకుండా ఉంది. నాలుగో క్రేన్ కింద ఒక ప్లాస్టిక్ కుర్చీలో, మెడలో గంఛా వేసుకుని, నలభై దాటిన మనిషి ఒకడు కూర్చున్నాడు. గంఛా అంటే ఇక్కడివాళ్లు తువ్వాలుకూ గొడుగుకూ దిండుకూ బదులుగా వాడే గళ్ల గుడ్డ. పరీక్ష జరిగేటప్పుడు అభియోగం ఉన్న మనిషి అక్కడే ఉండాలని, క్రేన్‌ను మాత్రం తాకకూడదని నియమం. అతనే సింహాచలం. నాతో హిందీ, బెంగాలీ, ఇంగ్లీషు కలిపి చాలాసేపు వాదించాడు. నేను పరికరాల పెట్టె విప్పుతూ "ఈ తాళం ఎప్పుడూ ఇంతే" అని గొణుక్కోవడం విని ఆగిపోయాడు.

"ఏటి బాబూ, తెలుగోరా? ముందే సెప్పకపోనారా. నా కాడున్న ఇంగిలీసంతా మీ మీద ఒలకబోసీసినాను. ఇంక పై ఆఫీసరొస్తే ఏటి మాటాడాల?"

వాళ్ల నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఈ రేవుల్లోనే బస్తాలు మోశాడట. తనూ సరుకుకు తాళ్లు కట్టే గ్యాంగులో మొదలుపెట్టి, ఏళ్ల తరబడి ఎదురుచూసి, పరీక్ష పాసై క్రేన్ ఎక్కాడు. వాళ్ల ఇంట్లో నడ్డి వంచకుండా బరువెత్తిన మొదటి మనిషి. నా రిపోర్టులో 'ప్లగ్గు పీకాడు' అని వస్తే కార్డు శాశ్వతంగా పోతుంది. మళ్లీ తాళ్ల గ్యాంగే. అతనికి అక్కడ అందరూ తెలుసు. "అదే బాబూ కష్టం" అన్నాడు.

"మీ మిషనేటి సెప్తాది? నాను దొంగనో దొరనో సెప్పీస్తాదా?"

మనుషుల గురించి చెప్పదు, తీగల గురించే చెబుతుంది అన్నాను.

"అయితే మైతీ బాబు కంటే నయమే" అన్నాడు. మైతీ బాబు పక్కనే ఉన్నారు. తెలుగు రాదు గాని తన పేరు ఏ భాషలోనైనా వినపడుతుంది.

నేను తెచ్చింది బ్యాటరీతో నడిచే చిన్న ఆసిలోస్కోప్. తీగలో వోల్టేజీ క్షణక్షణం ఎలా మారుతోందో తెరమీద గీత గీసి చూపించే పరికరం. దాన్ని భుజాన వేసుకుని నిచ్చెన ఎక్కాను. ఎంత ఎత్తో చెప్పను. మధ్యలో రెండుసార్లు నదీ సౌందర్యం చూడటానికి ఆగాను.

క్యాబిన్‌లో సీటు వెనక, ప్లగ్గు దగ్గర, రెండు తీగలకూ రెండు ప్రోబ్‌లు తగిలించాను. ఈ రకం సిగ్నల్లో కబురు రెండు తీగల తేడాలో ఉంటుంది. ఒకటి పైకి లేస్తే రెండోది కిందికి దిగుతుంది. మోటార్ల రొద రెండింటి మీదా సమానంగా పడుతుంది. అందుకని స్కోప్‌లో ఒకదాన్నుంచి మరొకదాన్ని తీసివేయమంటే, రొద పోయి కబురు మిగులుతుంది. తెర మీద చదరపు అలలు వరసగా వచ్చాయి. అక్షరానికి పది అలలు. మొదటిది 'మొదలుపెడుతున్నా' అని, చివరిది 'అయిపోయింది' అని, మధ్యలో ఎనిమిది అసలు విషయం. ఒక్కో అల నిడివి సెకనులో పదివేలవ వంతుకు కాస్త ఎక్కువ, కచ్చితంగా చెప్పాలంటే నూట నాలుగు మైక్రోసెకన్లు. ఈ నిడివి పంపేవాడికీ అందుకునేవాడికీ ముందే ఒప్పందం. ఆ వేగాన్ని స్కోప్‌కు చెప్పి డీకోడ్ మెనూ నొక్కితే, ప్రతి అల గుంపు కిందా దాని అక్షరం పడుతుంది. పన్నెండు టన్నుల చిల్లర అని స్కోప్ చెప్పింది. డిస్‌ప్లే కూడా అదే చెప్పింది. ఉదయం షిఫ్టు దిగేదాకా ఇద్దరూ ఒక్క మాట మీదే ఉన్నారు.

కిందికి వచ్చేసరికి మైతీ బాబు ముఖంలో అప్పుడే పూజ సెలవులు మొదలయ్యాయి. "దేఖ్‌లేన్ తో, చూశారుగా. మిషన్ ఠీక్. ఇక రాసెయ్యండి" అన్నారు. ఈ-సెవెన్ వచ్చేది మధ్యాహ్నం కదా, మధ్యాహ్నం కూడా చూస్తాను అన్నాను. సీట్లో సింహాచలం లేడుగా, ఏం వస్తుంది అని ఆయన నవ్వారు. చేపల పులుసుతో భోజనం పెట్టించారు. సాక్ష్యం తన వైపు ఉందనుకున్న మనిషి పెట్టే భోజనం బాగానే ఉంటుంది.

మధ్యాహ్నం హలీమ్ అనే ఆపరేటర్ సీట్లో కూర్చున్నాడు. నేను వెనక ఇనుప పీట మీద. ఇనుప రేకుల కట్ట ఓడ మీదికి సగం దూరం వెళ్లేసరికి బజర్ మోగి క్రేన్ ఆగిపోయింది. ఈ-సెవెన్. హలీమ్ రెండు చేతులూ పైకెత్తి, నేను ఏమీ ముట్టుకోలేదన్నట్టు నావైపు తిరిగాడు. ప్లగ్గు నా మోకాలి పక్కనే, దాని చోట్లో అది బిగించి ఉంది.

స్కోప్ వైపు చూశాను. ప్లగ్గు ఊడితే తెర మీద బల్లపరుపు గీత ఉండాలి. కాని అలలు ఎప్పటిలాగే వరసగా పరుగెడుతున్నాయి. తేడా వాటి కింద. ఉదయం అంకెలు పడిన చోట ఇప్పుడు ఎర్ర గళ్లు పడుతున్నాయి. 'అక్షరం వచ్చింది, దాని చివర సరిగా లేదు' అని స్కోప్ చెప్పే పద్ధతి అది. బైపాస్ నొక్కకుండా ఆగమని హలీమ్‌కు చెప్పి, మైతీ బాబుకు ఫోన్ చేసి పైకి రమ్మన్నాను. ఫోన్లో వెనకనుంచి సింహాచలం గొంతు వినపడింది.

"బాబూ, నానిక్కడ ఝాల్‌మూరీ తింటన్నాను. సాచ్చికం మైతీ బాబే. పొట్లం ఆయనే కొన్నాడు."

మైతీ బాబు ఆయాసపడుతూ పైకి వచ్చి, ప్లగ్గు చూసి, హలీమ్‌ను చూసి, కాసేపు ఆలోచించారు. తరవాత నన్ను పక్కకు పిలిచి, ఇది యూనియన్ వాళ్ల పని అన్నారు. సింహాచలానికి మద్దతుగా హలీమ్ కూడా పీకి, మళ్లీ పెట్టేసి ఉంటాడట. నేను వెనకే కూర్చున్నాను కదా అంటే, మీరు తెర చూస్తున్నారు కదా అన్నారు. నమ్మకం గట్టిగా ఉంటే దానికి తలుపులు చాలానే ఉంటాయి.

ఎవరు పీకారో తేల్చేముందు ఒక కొలత తీసుకుందాం అన్నాను. స్కోప్‌లో కర్సర్లు అని రెండు నిలువు గీతలు ఉంటాయి. ఒకటి అల మొదట్లో, ఒకటి చివర పెడితే మధ్య కాలం చెబుతుంది. అన్నిటిలోకీ సన్నటి అల వెతికి పెట్టాను. నూట పది పైచిలుకు. ఉదయం నూట నాలుగు.

విషయం అర్థమైంది. ఇలా ఒక అల వెనక ఒక అల పంపే సీరియల్ లింకులో గడియారాన్ని తీగ మీద పంపరు. అందుకునే డిస్‌ప్లే మొదటి అల చూడగానే తన సొంత గడియారంతో లెక్కపెట్టుకుంటూ పోతుంది. ప్రతి అక్షరానికీ మళ్లీ మొదటినుంచి కాబట్టి, రెండు గడియారాల మధ్య కొద్ది తేడా ఉన్నా నడిచిపోతుంది. తేడా నూటికి అయిదు దాటిందంటే పదో అల దగ్గరికి వచ్చేసరికి డబ్బా ఇంకా తొమ్మిదోది చెబుతూ ఉంటుంది, డిస్‌ప్లే పదోది అనుకుని వింటుంది. అక్షరం చెడిందని పారేస్తుంది. అన్నీ చెడితే ఏమీ రావడం లేదనుకుంటుంది. ఏమీ రాకపోవడానికి దానికి తెలిసిన కారణం ఒక్కటే.

స్కోప్‌లో డీకోడ్ వేగాన్ని కొలతకు తగ్గట్టు తగ్గించాను. ఎర్ర గళ్లు పోయి అంకెలు పడ్డాయి. రేకుల కట్ట బరువు, దశాంశంతో సహా, సరిగ్గా ఉంది. "డబ్బా బరువు చెబుతూనే ఉంది మైతీ బాబూ. నిదానంగా చెబుతోంది, అంతే" అన్నాను.

ఎందుకు నిదానం అని ఆయన అడిగారు. సేఫ్టీ ఆఫీసర్ అడగవలసిన ప్రశ్నే. ఆ పూట ఆయన అడిగిన వాటిలో మొదటిది.

దానికి జవాబు పైన ఉంది. ఇంకో నిచ్చెన. నాకున్న అనుమానం ఏమిటంటే, మా చవక బోర్డులో కాలాన్ని నిలబెట్టే క్వార్ట్జ్ స్ఫటికం లేదు. చిప్పులోనే ఉన్న సాదా గడియారంతో సరిపెట్టారు. అది వేడికి మందగిస్తుంది. మామూలు వేడికి ఇంత కాదు. పైకెళ్లి చూస్తే డబ్బా నిగనిగలాడే నలుపులో ఉంది. మా డబ్బాలన్నీ తెల్లగా వస్తాయి. దీని మీద చెయ్యి పెట్టి, వెంటనే తీసేశాను. దోసె వేసుకోవచ్చు, తిప్పెయ్యడం ఆలస్యమైతే మాడుతుంది.

మైతీ బాబును క్యాబిన్‌లోనే స్కోప్ ముందు కూర్చోబెట్టి, అల నిడివి చెప్పే ఆ నంబరు ఒక్కటే చూస్తూ ఫోన్‌లో చదవమన్నాను. కిందికి కేకేసి, తడిగుడ్డ కావాలన్నాను. సింహాచలం మెడలో గంఛా తీసి, కుళాయి కింద తడిపి, పనిముట్లు పైకి లాగే తాడుకు కట్టి పంపాడు. అతను క్రేన్ తాకకూడదన్న నియమంలో గంఛా ప్రస్తావన లేదు.

డబ్బా మీద గుడ్డ వేస్తే చుయ్యిమంది. గుడ్డను అంచులదాకా సర్ది పట్టుకున్నాను. తరవాత మైతీ బాబు, "కొమ్‌ఛే" అన్నారు. తగ్గుతోంది అని. మళ్లీ కాసేపటికి "కొమ్‌ఛే, కొమ్‌ఛే", క్రికెట్ స్కోరు చెబుతున్నట్టు. ఆయన గొంతులో అలాంటి ఉత్సాహం అంతకుముందు వినలేదు. బజర్ ఆగింది. హలీమ్ రేకుల కట్టను ఓడలోకి దించాడు. గుడ్డ తీసి ఎండకు వదిలితే నంబరు పెరిగి ఈ-సెవెన్ వచ్చింది. వేస్తే పోయింది. ఇంకోసారి చేసి చూపించమన్నారు. ఆ పైసారి ఆయనే పైకొచ్చి స్వయంగా గుడ్డ వేశారు.

కిందికి దిగాక, డబ్బాకు నల్లరంగు ఎవరు వేశారని అడిగాను.

"నానే బాబూ" అన్నాడు సింహాచలం, మెచ్చుకుంటాననుకుని. "ఇశ్వకర్మ పూజకి. అన్ని మిసన్లకీ రంగులేసీనామా, ఇదొక్కటీ జిడ్డోడుతూ ఎర్రి ముకం ఏసుకుని ఉండిపోనాది. క్రేను కాళ్లకేసిన నలుపు మిగిల్తే రెండు పూతలేసినాను. నున్నగా వొచ్చినాది కదేటి?"

కలకత్తాలో భాద్రపదం చివర విశ్వకర్మ పూజ నాడు మిషన్లకు సెలవు. ముందురోజు కడిగి, రంగులు వేసి, మర్నాడు దండలు వేస్తారు. ఇది క్రేన్లకూ లేత్‌లకూ రిక్షాలకూ సమానం. పూజ అయిన కొద్ది రోజులకు ఎండలు పేలాయి, ఈ-సెవెన్ వచ్చింది. అతన్ని దింపిన రోజే ముసురు పట్టింది, ఈ-సెవెన్ పోయింది. అతన్ని దించినందుకు పోయిందని అందరూ అనుకున్నారు. మబ్బుకు ఆ కీర్తి దక్కలేదు.

మైతీ బాబు ముందుకొచ్చారు. "అంటే ప్లగ్గు కాకపోయినా, తప్పు ఇతనిదే. పరికరానికి అనుమతి లేకుండా రంగు వేశాడు."

సింహాచలానికి ఆ బెంగాలీ బాగానే అర్థమైంది. ముఖం ఒక్కక్షణం వాడింది. తరవాత జేబులోంచి ఫోన్ తీసి, బొటనవేలితో చాలాసేపు జరిపి, నా ముందు పెట్టాడు. ఫోటోలో నాలుగో క్రేన్. దాని కాలి మీద నల్లరంగు మొదటి గీత గీస్తూ, నుదుట బొట్టుతో, కుంచె పట్టుకుని మైతీ బాబు. పక్కన రంగు డబ్బా ఎత్తిపట్టుకుని సింహాచలం. ఇద్దరూ కెమెరావైపు చూసి నవ్వుతున్నారు.

"మొదటి సెయ్యి పెద్దోళ్లదే ఉండాలని దాదానే ఎయ్యమన్నాం బాబూ. మంచి సెయ్యి. అన్నిటినీ మెరిపించీమన్నాడు. మెరిపించీసినాను."

మైతీ బాబు ఫోటోను కాసేపు చూసి, తనకూ పంపమన్నారు. తరవాత టీ చెప్పారు. మట్టి కప్పుల్లో ముగ్గురికీ వచ్చింది. సింహాచలం చేతికి తొలి కప్పు ఆయనే అందించారు. నేను చూసిన క్షమాపణల్లో అది మంచిదే.

రిపోర్టు ఆ సాయంత్రమే రాశాను. ఫాల్ట్ ఉన్న సమయంలో ప్లగ్గు బిగించే ఉందని, సిగ్నల్ వస్తూనే ఉందని, తెర ఫోటోలు జతచేశాను. బోర్డు గడియారం వేడికి నిలబడడం లేదని, అది మేము వేసిన బోర్డేనని రాశాను. రంగు సంగతి దగ్గర, 'ఏటేటా జరిగే రంగులపనిలో భాగంగా, సేఫ్టీ ఆఫీసర్ సమక్షంలో, సిబ్బంది వేశారు. వేయకూడదని డబ్బా మీద గాని మాన్యువల్‌లో గాని ఎక్కడా లేదు' అని రాశాను. 'సమక్షంలో' అన్నది చాలా ఉపకారి అయిన మాట. ఆ తరవాత విచారణ మాట ఎవరూ ఎత్తలేదు.

ఘోషాల్‌గారు ఫోన్‌లో అంతా విని, "రావ్‌దా, బోర్డు గురించి అంత వివరంగా రాయాలా" అన్నారు. రాసి పంపేశానన్నాను. ఆ తరవాత కొన్ని నెలలు దూరపు సైట్లన్నీ నాకే వచ్చాయి. అక్కడ చేపలు బాగుండేవి.

డబ్బాకు తెల్లరంగు వేయించి, పైన రేకు నీడ పెట్టించాం. తరవాత స్ఫటికం ఉన్న బోర్డు వచ్చింది. రిపోర్టు వెళ్లిన మర్నాటి మధ్యాహ్నానికే సింహాచలానికి కార్డు తిరిగి ఇచ్చారు. కొత్త బోర్డు వేసిన రోజు క్యాబిన్ నుంచి తల బయటికి పెట్టి, "బాబూ, ఒచ్చే ఏడు దానికి ఏ రంగెయ్యాల?" అని అరిచాడు. దండ వేస్తే చాలునన్నాను.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఒక్కటే. డిస్‌ప్లే మీద పడే ఫాల్ట్ కోడ్ జరిగినదాని పేరు కాదు. ఆ యంత్రానికి తెలిసిన నాలుగైదు పేర్లలో దగ్గరగా ఉన్నది మాత్రమే. 'గడియారం మందగించింది' అన్న మాట దానికి ఎవరూ నేర్పలేదు కనుక 'ప్లగ్గు ఊడింది' అంది. ఊడింది అన్నదాన్ని 'పీకారు' అని చదువుకున్నది మనుషులు. అప్పటినుంచి ఉద్యోగం ఉన్న ఆ కొద్దికాలమూ, కోడ్ చూసిన తరవాత మనిషిని పిలిచేముందు తీగకు ప్రోబ్ తగిలించి, సన్నటి అల ఒకటి వెతికి, దాని నిడివి కొలిచాను. చాలాసార్లు అది సరిగ్గానే ఉండేది. అప్పుడు మనిషిని పిలిచేవాణ్ణి.